అన్న అప్పీలు వేశాడు, నా డిక్రీ చెల్లుతుందా?

అనంతపురం జిల్లా నుంచి ఒక సోదరి తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. డిక్రీ కాపీని, జిల్లా కోర్టు నుంచి వచ్చిన నోటీసును ఫొటోలు తీసి దానికి జతచేశారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి, సర్వే నంబరు మార్చి, మిగతాది కుదించి ఇస్తున్నాను.

ఆమెకు 46 ఏళ్లు. పుట్టింటివాళ్లది తాడిపత్రి వైపు ఒక పల్లె. తాతల నాటి భూమి తొమ్మిదెకరాలు ఉంది. అందులో ఐదెకరాలు బోరు కింద చీనీ (బత్తాయి) తోట, నాలుగెకరాలు మెట్ట. తండ్రి 2011లో పోయారు. పెద్దకర్మ రోజు వదిన ఒక కాగితం తెచ్చి, "పాసుపుస్తకం మీ అన్న పేరుకు మార్చాలంట, ఊరికే ఒక సంతకం పెట్టు" అంది. ఈమె చదవకుండానే పెట్టేశారు. 2019లో భాగం కోసం దావా వేస్తే, అన్న అదే కాగితం కోర్టులో చూపించి "హక్కు వదులుకుంది" అన్నాడు. పెళ్లప్పుడు పెట్టిన బంగారమే నీ భాగమని కూడా వాదించాడు. కాగితం రిజిస్టర్ కాలేదు కాబట్టి చెల్లదని కోర్టు పక్కన పెట్టింది. ఈ జనవరి 9న ప్రిలిమినరీ డిక్రీ, అంటే ఎవరి వంతు ఎంతో తేల్చే మొదటి డిక్రీ, ఇచ్చింది (పొలంలో ఎవరిది ఎక్కడో తేల్చేది ఆ తర్వాతి ఫైనల్ డిక్రీ): భూమిలో తొమ్మిదింట నాలుగు వంతులు ఈమెకు, నాలుగు అన్నకు, ఒకటి అమ్మకు. ఊళ్లో ఇల్లు మాత్రం అన్న సొంత డబ్బుతో కట్టుకున్నదేనని, అందులో ఎవరికీ భాగం లేదని తేల్చింది.

"అన్న ఏప్రిల్‌లో జిల్లా కోర్టులో అప్పీలు వేశాడు. ఆ రోజు నుంచి ఊళ్లో ఒకటే మాట. అప్పీలు పడిందంటే కింది తీర్పు కొట్టుకుపోయినట్టే, ఆ జడ్జికి ఇంక పవర్ లేదు అంటున్నారు. ఫైనల్ డిక్రీకి పిటిషన్ వేద్దామని వెళ్తే కోర్టు దగ్గర ఒక గుమాస్తా కూడా 'అప్పీలు తేలనీ అమ్మా' అన్నాడు. మా లాయరు గారికి ఒంట్లో బాగాలేదు, రెండు నెలలుగా దొరకలేదు. ఈలోగా అన్న తోటలో నలభై చెట్లు కొట్టించాడు. ఎండిపోయాయి కాబట్టి కొట్టించానంటాడు. నేను పోయి చూశాను సార్, మొద్దులు గోటితో గీకితే లోపల పచ్చగా ఉంది. మెట్ట చూసిపోవడానికి కార్లలో ఎవరెవరో వస్తున్నారు. 'స్టే వచ్చింది, తోటలో కాలు పెడితే కేసు పెడతా' అని వాట్సాప్‌లో వాయిస్ పంపాడు. డిక్రీలో మా తోట సర్వే నంబరు 214-2 బదులు 241-2 అని పడింది. అప్పీలు ఉండగా దాన్ని ఎవరు సరిచేస్తారు? ఇంటి విషయం మళ్లీ చూడమని అదే జడ్జిని అడగొచ్చా? పెదనాన్న మధ్యలో పడి, 12 లక్షలు తీసుకుని 'నాకు ఆ తీర్పు వద్దు' అని కింది కోర్టులో చెప్పేసి రమ్మంటున్నాడు. ఆరేళ్లుగా నాకు పుట్టింటి ఒడిబియ్యం లేదు. ఈ శ్రావణంలో మేనకోడలి పెళ్లి. పత్రిక ఇచ్చిపోయారు. వెళ్తే రాజీకి ఒప్పుకున్నట్టు అవుతుందా?"

అమ్మా,

మీరు అడిగిన వరుసలో కాకుండా, మీరు అడగని దానితో మొదలుపెడతాను. మీరు పంపిన నోటీసు ఫొటోను రెండుసార్లు పెద్దది చేసి చూశాను. అది అప్పీలు నోటీసు కాదు. అప్పీలు వేయడంలో 61 రోజులు ఆలస్యమైంది, మన్నించండి అని మీ అన్న పెట్టుకున్న పిటిషన్ నోటీసు. కింది కోర్టు డిక్రీ మీద జిల్లా కోర్టుకు వెళ్లడానికి గడువు 30 రోజులు. కాపీ కోసం దరఖాస్తు పెట్టి ఎదురుచూసిన రోజులు అందులోంచి తీసేస్తారు. అలా తీసేసి లెక్కగట్టినా ఆయన 61 రోజులు వెనకబడ్డారు. ఆ ఆలస్యాన్ని కోర్టు మన్నిస్తేనే అప్పీలుకు నంబరు పడుతుంది. ఇప్పటికైతే మీ అన్న అప్పీలు గడప బయటే ఉంది.

ఇక స్టే. ఆలస్యంగా వచ్చిన అప్పీలును వినాలని పై కోర్టు నిర్ణయించుకునే దాకా, ఆ డిక్రీ అమలు మీద స్టే ఇవ్వకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఉంది. 41వ ఆర్డర్‌లో 3ఏ రూలు. కాబట్టి ఆ వాట్సాప్ వాయిస్‌ను నేను నమ్మను. మీరూ నమ్మాల్సిన పని లేదు. ఫోన్‌లో ఈకోర్ట్స్ యాప్ పెట్టుకుని, నోటీసు మీదున్న కేసు నంబరు గానీ, ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు గానీ కొట్టి చూడండి. ఏ వాయిదాకు ఏం జరిగిందో అందులో కనిపిస్తుంది. స్టే ఉంటే ఆర్డరు ఉండాలి. ఆర్డరు కాపీ చూపించమనండి.

ఇప్పుడు మీ ఊరి మాట. అప్పీలు పడితే కింది తీర్పు పోతుంది, ఆ జడ్జికి పవర్ ఉండదు. ముప్ఫై ఏళ్లుగా కోర్టు చెట్ల కింద నేను వింటున్న మాట ఇది. ఇందులో సగం నిజం ఉంది. ఆ సగమే మనుషుల్ని ముంచుతుంది.

నిజమైన సగం ఏమిటంటే, మీకు నాలుగు వంతులా మూడు వంతులా అన్నది కింది జడ్జి ఇంక మార్చలేరు. కానీ ఆ అధికారం అప్పీలు వేసిన రోజు పోలేదు, తీర్పు మీద సంతకం పెట్టిన రోజే పోయింది. తెరిచిన కోర్టులో చదివి సంతకం పెట్టాక జడ్జి దాన్ని దిద్దడానికి గానీ, ఇంకో మాట కలపడానికి గానీ వీల్లేదు. రాతపొరపాట్లు సరిచేయడం, రివ్యూ (అదే కోర్టు తన తీర్పును మళ్లీ చూడటం), ఈ రెంటికే మినహాయింపు. మీ అన్న అప్పీలు వేయకపోయినా ఇదే పరిస్థితి.

అబద్ధమైన సగం ఏమిటంటే, ఆ తీర్పును ముందుకు నడిపించే అధికారం కూడా పోయిందనుకోవడం. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ కింద జరగాల్సిన పని ఆగదు. చట్టంలో ఈ మాట ఇంత సూటిగానే ఉంది. ఆపాలంటే పై కోర్టు స్టే ఆర్డరు ఇవ్వాలి. దానికీ షరతులున్నాయి: ఆపకపోతే అడిగినవాళ్లకు గట్టి నష్టం జరుగుతుందని తేలాలి, అడగడంలో జాప్యం ఉండకూడదు, రేపు ఓడితే చెల్లించేందుకు పూచీ చూపించాలి. అప్పీలు గడువు ఇంకా ఉండగానైతే కింది కోర్టే కారణం చూసి తన డిక్రీని కొన్నాళ్లు ఆపగలదు. మీ అన్న ఆ గడువు దాటేశారు కాబట్టి ఆ తలుపు మూసుకుపోయింది.

రేపు నిజంగానే స్టే వస్తే అది కింది కోర్టుకు చేరిన రోజు నుంచి పనిచేస్తుంది. పై కోర్టు కాగితం రావడానికి ముందే, స్టే వచ్చిన సంగతి తమకు స్వయంగా తెలుసని అప్పీలు వేసినవాళ్లు ప్రమాణపత్రం దాఖలు చేసినా కింది కోర్టు ఆగాలి. ప్రమాణపత్రం వేరు, వాయిస్ మెసేజ్ వేరు. ఇంకో మాట. స్టే ఆరు నెలలకు దానంతటదే పోతుందని ఇప్పటికీ కొందరు చెబుతుంటారు. 2018లో సుప్రీంకోర్టు అలా అన్న మాట నిజమే. 2024 ఫిబ్రవరిలో ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. స్టే వస్తే, ఎత్తేయించడానికి మీరే పిటిషన్ వేసుకోవాలి.

మరి గుమాస్తా ఎందుకలా అన్నాడు? ఆయన చట్టం చెప్పలేదు, అలవాటు చెప్పాడు. పై కోర్టు రికార్డు తెప్పించుకుంటే కట్ట అక్కడికి పోతుంది. కింద పిటిషన్ బెంచి మీదికి రాగానే "రికార్డు లేదు" అని వాయిదా పడుతుంది. అలా నాలుగు వాయిదాలు పడితే అధికారమే లేదేమో అన్నట్టు కనిపిస్తుంది. దీనికి మందు చిన్నదే. తీర్పు, డిక్రీ, దావా ప్రతి, షెడ్యూలు అన్నీ సర్టిఫైడ్ కాపీలు ఇప్పుడే తీసి పెట్టుకోండి. కట్ట ఎక్కడున్నా మీ పని నడుస్తుంది.

సర్వే నంబరు సంగతి అన్నిటికన్నా తేలిక. తీర్పు లోపల, మీ ఫొటోల్లో ఆరో పేజీలో, 214-2 అనే ఉంది. చివర డిక్రీ షెడ్యూలులో మాత్రమే 241-2 పడింది. టైపులో అంకెలు తారుమారయ్యాయి. ఇలాంటివి సరిచేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 152వ సెక్షన్ ఉంది. "ఎప్పుడైనా" అన్న మాట అందులోనే ఉంది కాబట్టి అప్పీలు అడ్డం కాదు. తీర్పిచ్చిన కోర్టులోనే పిటిషన్ వేయండి. అయితే మీ దావాలో ఏ నంబరు ఉందో ముందు చూసుకోండి. దావాలోనే 241 అని పడి ఉంటే అది కోర్టు పొరపాటు కాదు, మన పొరపాటు. దాన్ని దిద్దించడానికి మరికొంత వాదన కావాలి. ఈ పని త్వరగా ఎందుకు చేయాలంటే, పై కోర్టు అప్పీలు విని తీర్పిచ్చాక, అది ఇదే డిక్రీని ఖాయం చేసినా సరే, కింది డిక్రీ పై కోర్టు డిక్రీలో కలిసిపోతుంది. అప్పటి నుంచి అమలయ్యేది పై కోర్టు డిక్రీ. అందులోకి 241 అలాగే ఎక్కితే, దిద్దమని అడగాల్సింది ఆ కోర్టునే. తప్పు నంబరుతో సర్వేయరు వచ్చి పక్క రైతు పొలంలో గొలుసు పరిస్తే మీకు కొత్త శత్రువు తయారవుతాడు.

ఇక్కడి నుంచి దారులు చీలుతున్నాయి. ఒక్కో దారిలో ఏమవుతుందో చెప్తాను, నిర్ణయం మీదే.

ఫైనల్ డిక్రీ పిటిషన్ ఇప్పుడే వేయడం ఒక దారి. మీ చేతిలో ఉన్న డిక్రీ మీ వంతు ఎంతో చెప్పింది, అది ఎక్కడుందో చెప్పలేదు. కోర్టు కమిషనర్‌గా ఒక లాయరును వేస్తే, ఆయన సర్వేయరును వెంటబెట్టుకుని పొలం మీదికి వస్తారు. తొమ్మిదింట నాలుగు అంటే కాగితం మీద చక్కగా నాలుగెకరాలు. పొలంలో అంత చక్కగా ఉండదు. బోరు ఒక్కటే ఉంది, తోటంతా ఒక పక్కన ఉంది, మెట్ట ఇంకో పక్కన ఉంది. మీకు నాలుగెకరాల మెట్ట ఇచ్చేసి లెక్క సరిపోయిందంటే కుదరదు. నేలను బట్టి, నీటిని బట్టి, చెట్లను బట్టి సర్దాలి. బోరు మీ అన్న వైపు పడితే మీకు నీటి వాటా రాయించాలి. ఈ పనికి నెలలు పడుతుంది, అందుకే ముందు మొదలుపెట్టడంలో అర్థముంది. ప్రిలిమినరీ డిక్రీ తర్వాత ఎవరో పిటిషన్ వేసేదాకా ఆగకుండా కోర్టులే ఫైనల్ డిక్రీ వైపు నడిపించాలని 2022లో సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో చెప్పింది.

ఈ దారిలో నష్టమూ ఉంది. కమిషనర్ ఫీజు, సర్వే ఖర్చు, చివర్లో డిక్రీ రాయించే స్టాంపు కాగితాల ఖర్చు ముందు మీ చేతి నుంచే పోతాయి. పై కోర్టు రేపు వాటాలు మార్చితే ఈ విభజనంతా మళ్లీ మొదటికొస్తుంది, ఎందుకంటే ప్రిలిమినరీ డిక్రీ పడితే దాని మీద కట్టిన ఫైనల్ డిక్రీ కూడా పడుతుంది. ఈలోగా మీరు స్వాధీనం తీసుకుని ఉంటే తిరిగి అప్పగించాల్సి వస్తుంది. భాగాల అప్పీళ్లలో పై కోర్టులు చాలాసార్లు మధ్యేమార్గం పడతాయి: కమిషనర్ పని జరగనీ, ఫైనల్ డిక్రీ మాత్రం అప్పీలు తేలేదాకా ఇవ్వొద్దు అంటాయి. అలా వచ్చినా మీకు నష్టం లేదు. కొలతలు, చెట్ల లెక్క, బోరు, అన్నీ కోర్టు కాగితంలోకి ఎక్కుతాయి. ఆ నలభై మొద్దులు కూడా.

రెండో దారి, అప్పీలు తేలేదాకా ఆగడం. హక్కు పోతుందని భయపడకండి. భాగం దావాలో ఫైనల్ డిక్రీ అడగడానికి గడువు లేదని 2009లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కానీ చీనీ చెట్టు కోర్టు కోసం ఆగదు. పంట మీద పంట ఆయనే అమ్ముకుంటారు. మీ వంతు ఆదాయం లెక్క తర్వాత అడగొచ్చు, అడగాలి కూడా. అయితే అనంతపురం మార్కెట్ యార్డులో ఏ సంవత్సరం ఎన్ని టన్నులు దిగాయో పదేళ్ల తర్వాత రుజువు చేయడం తేలిక కాదు.

ఏ దారి పట్టినా తోటను కాపాడుకునే పిటిషన్ ఒకటి విడిగా వేయాలి. చెట్లు కొట్టొద్దు, భూమి అమ్మొద్దు, లీజుకివ్వొద్దు అని ఆర్డరు అడగండి. ఫైనల్ డిక్రీ పిటిషన్ వేస్తే అందులోనే కింది కోర్టును అడగొచ్చు. అప్పీలు లోపలికి వచ్చి మీ అన్న స్టే అడిగితే, "ఇవ్వాలనుకుంటే ఈ షరతుల మీద ఇవ్వండి, నా వంతు ఆదాయం కోర్టులో కట్టమనండి" అని పై కోర్టులో కౌంటరు వేయొచ్చు. స్టేను గుడ్డిగా వద్దనడం కన్నా షరతులు అడగడమే చాలాసార్లు మేలు చేస్తుందని నా అనుభవం. ఆ మొద్దుల ఫొటోలు తేదీ కనిపించేలా తీసి పెట్టుకోండి. మెట్ట చూడటానికి వస్తున్న కార్లవాళ్లకు ఒక లాయరు నోటీసు చాలు. దావా, అప్పీలు నడుస్తుండగా కొన్నవాళ్లు దాని ఫలితానికి కట్టుబడాల్సిందే, ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ అది. తెలిసి కొనేవాళ్లు తక్కువ.

ఇంటి విషయానికి వస్తే, మీ ఉత్తరమంతటిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. మళ్లీ చూడమని అదే జడ్జిని అడగడమంటే రివ్యూ. అప్పీలు వేసిన మనిషి అదే డిక్రీ మీద రివ్యూ అడగలేడు. మీరు వేయలేదు కాబట్టి, మీ అన్న అప్పీలు ఉన్నా, ఇద్దరి అభ్యంతరం ఒకటే కానంతవరకు మీరు అడగొచ్చు. కానీ రివ్యూ కన్నం చాలా చిన్నది. తీర్పు చదవగానే కళ్లకు కొట్టే తప్పు ఉండాలి, లేదా ఎంత వెతికినా అప్పుడు దొరకని సాక్ష్యం ఇప్పుడు దొరికి ఉండాలి. జడ్జి సాక్ష్యాన్ని తప్పుగా తూచారన్నది రివ్యూకు చాలదు, అది అప్పీలు విషయం. పైగా రివ్యూకూ గడువు 30 రోజులే. మీ సొంత అప్పీలు గడువు కూడా దాటిపోయింది.

మీకు మిగిలిన మంచి దారి క్రాస్ అబ్జెక్షన్స్. ఎదుటివాళ్లు అప్పీలు వేసినప్పుడు, ఆ అప్పీలులోనే "నాకూ ఈ భాగం మీద అభ్యంతరం ఉంది" అని చెప్పుకోవడం. అప్పీలు విచారణ నోటీసు అందిన రోజు నుంచి ఒక నెల గడువు. ఆ తర్వాత మీ అన్న తన అప్పీలు వెనక్కి తీసుకున్నా మీ అభ్యంతరాలు బతికే ఉంటాయి.

మెలిక ఎక్కడుందో చూశారా? క్రాస్ అబ్జెక్షన్స్‌కు ఆయన అప్పీలు లోపలికి రావాలి. 61 రోజుల ఆలస్యాన్ని మీరు గట్టిగా ఎదిరించి గెలిస్తే, భూమి డిక్రీ ఖాయమైపోతుంది, స్టే గొడవ ఉండదు, ఫైనల్ డిక్రీకి దారి సాఫీ. కానీ ఇంటికి మీ తలుపు కూడా దాంతోపాటే మూసుకుంటుంది. ఎదిరించకపోతే ఇంటి మీద పోరాడే అవకాశం దొరుకుతుంది, దాంతోపాటు భూమి మీద స్టే వచ్చే ప్రమాదమూ, కొన్నేళ్ల ఆలస్యమూ వస్తాయి. రెండు నెలల ఆలస్యాన్ని కోర్టులు ఎక్కువగా ఖర్చులు వేసి మన్నిస్తుంటాయి కాబట్టి మీరు ఎదిరించినా అప్పీలు లోపలికి వచ్చే అవకాశమే ఎక్కువ, ఆ మాట కూడా గుర్తుంచుకోండి.

నా అభిప్రాయం అడిగితే, ఇంటి మీద మీ దగ్గర సాక్ష్యం ఏముందన్న దాని మీద ఆధారపడుతుంది. ఇల్లు కట్టేటప్పుడు తోట పంట డబ్బు పెట్టారని చూపించే కాగితం ఏదైనా రికార్డులో ఉందా? ఉంటే క్రాస్ అబ్జెక్షన్స్‌కు బలముంది. అందరికీ తెలుసు సార్ అని మీరు రాశారు. అందరూ కోర్టుకొచ్చి చెప్పలేదు కదమ్మా. అదే పరిస్థితి అయితే నాలుగెకరాలు త్వరగా చేతికి తెచ్చుకోవడమే నాకు మంచిదనిపిస్తోంది. ఇల్లు మీ మనసులో ఎంత పెద్దదో నాకు తెలియదు, అది మీరే చూసుకోవాలి.

మీ అన్న అప్పీలులో బలమెంత అంటే, నాకు పెద్దగా కనిపించలేదు. హిందూ వారసత్వ చట్టానికి 2005 సవరణ, దాని మీద 2020 ఆగస్టు సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక కూతురికి పుట్టుకతోనే హక్కు అన్నది స్థిరపడింది. పెళ్లి బంగారం భూమి భాగానికి చెల్లు కాదు. రిజిస్టర్ కాని ఆ కాగితం జిల్లా కోర్టులోనూ రిజిస్టర్ కాని కాగితమే. ఇంకో మేలు, మీ అప్పీలు జిల్లా కోర్టుకే వెళ్లింది. హైకోర్టుకు వెళ్లే విలువ ఉంటే ప్రతి వాయిదాకూ అమరావతి ప్రయాణం అయ్యేది. రాజధాని, హైకోర్టుల్లో ఒకటి సీమలో పెడదామని శ్రీబాగ్‌లో 1937లో అనుకున్న మాట రాయలసీమవాళ్లకు ఇంకా బస్సు టికెట్ల రూపంలోనే గుర్తొస్తూ ఉంటుంది.

పెదనాన్న రాయబారం గురించి. రాజీ చెడ్డదని నేను అనను. గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడన్న సామెత మన కోర్టుల్ని చూసి పుట్టిందే. కానీ ఆయన చెప్పిన పద్ధతి ప్రమాదం. కింది కోర్టుకు వెళ్లి "నాకీ తీర్పు వద్దు" అని చెప్పినంత మాత్రాన తీర్పు రద్దు కాదు. అందులో అమ్మకూ వంతు ఉంది. ఆ మాట మాత్రం రికార్డులో మిగిలి మీకే అడ్డొస్తుంది. రాజీ కావాలంటే ముగ్గురి సంతకాలతో, ఏ సర్వే నంబరులో ఎంత, ఎవరికి, డబ్బు ఏ రోజున అన్నీ రాసి కోర్టు రికార్డు చేసేలా చేసుకోండి. అప్పీలు నంబరైతే ఆ అప్పీలులోనే, కాకపోతే ఫైనల్ డిక్రీ పిటిషన్‌లో, లేదా లోక్ అదాలత్‌లో. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు. అది ఆ దారికి బలం, అందుకే సంతకానికి ముందు పదిసార్లు చదవాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఆడవాళ్లకు ఉచిత న్యాయ సహాయం చట్టంలోనే ఉంది, మీ లాయరు గారు కోలుకునేదాకా అక్కడ అడగొచ్చు. 12 లక్షలు ఎక్కువా తక్కువా నేను చెప్పలేను. నాలుగెకరాల చీనీ, నాలుగెకరాల మెట్ట, ఈ రెంటిలో దేనికి ఆ ధర కట్టారో మీ పెదనాన్నను అడగండి. జవాబు చెప్పే తీరులోనే మీకు తెలిసిపోతుంది.

ఇంక పెళ్లి. వెళ్లండమ్మా. మేనత్త అక్షింతలు వేసినంత మాత్రాన డిక్రీ కరిగిపోదు, రాజీ అయినట్టూ కాదు. అమ్మ పక్కన కాసేపు కూర్చోండి. ఆమె మీ అన్న వైపు సాక్ష్యం చెప్పిందని రాశారు. ఆ ఇంట్లో ఉంటూ ఇంకెలా చెప్పగలదో కూడా ఆలోచించండి. ఒడిబియ్యం పెడితే తీసుకోండి. వదిన ఏదైనా కాగితం తెచ్చి "ఊరికే ఒక సంతకం" అంటే మాత్రం, కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయానని చెప్పండి.